బెంచ్ మీద కూర్చోబెడితే పిల్లలకు ఆట వస్తుందా?

ఐస్ హాకీలో బెంచ్ మీద కూర్చోవడం దానంతట అది శిక్షేమీ కాదు. మంచు మీద ఒక్కో జట్టుకు గోలీ (గోల్‌కీపర్) కాక అయిదుగురే ఉంటారు. జట్టులో 9 మంది ఫార్వర్డ్‌లు, 6 గురు డిఫెండర్లు ఉంటే వాళ్లలో పదిమంది ఏ క్షణంలోనైనా బెంచ్ మీదే ఉంటారు. 40, 45 సెకన్లపాటు శక్తి కొద్దీ స్కేట్ చేసి, గేటు దగ్గరికి వచ్చి, తర్వాతివాళ్లకు చోటిచ్చి కూర్చుంటారు. ఆ కాసేపటి ఆటనే షిఫ్ట్ అంటారు. కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లను లైన్ అంటారు. ఈ వంతులు సాఫీగా సాగుతున్నంతసేపూ బెంచ్ కూడా ఆటలో భాగమే. తన వంతు వచ్చినా కోచ్ పిలవకుండా పక్కవాణ్ణి పంపినప్పుడు గొడవ మొదలవుతుంది.

అలా కూర్చోబెట్టడం పిల్లల ఎదుగుదలకు మేలా, కీడా అని అడిగితే రింక్‌లో (మంచు మైదానంలో) రెండు వర్గాలు తయారవుతాయి. "పోటీ ఉంటేనే కసి పుడుతుంది" అనేవాళ్లు ఒక పక్క, "డబ్బు కట్టాం, అందర్నీ సమానంగా ఆడించాలి" అనేవాళ్లు మరో పక్క. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. వాదన తెగకపోవడానికి కారణం వేరు. బెంచింగ్ అన్న ఒక్క మాట కింద వేర్వేరు పనులు జరుగుతున్నాయి. రిఫరీని తిట్టినందుకు కూర్చోబెట్టడం ఒకటి. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) పోగొట్టుకున్నందుకు కూర్చోబెట్టడం ఇంకొకటి. ఒక్క గోల్ ఆధిక్యాన్ని కాపాడుకోవడానికి చివరి పది నిమిషాలూ మూడో లైన్‌ను పక్కన పెట్టడం మరొకటి. ఇవి కాక, ఎవరూ కావాలని చేయకపోయినా పవర్ ప్లేల (ఎదుటి జట్టు ఆటగాడు పెనాల్టీతో బయట కూర్చున్న సమయాల) వల్ల కొందరి సమయం హరించుకుపోవడం కూడా ఉంది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మంచి చెడ్డలు తేల్చడం కుదరదు.

తేల్చాల్సింది ఒకటే. పిల్లాడు ఆ పని చేయగలిగీ చేయలేదా, లేక ఇంకా చేతకాక చేయలేకపోయాడా? మొదటిదైతే కాసేపు బెంచ్ పనిచేస్తుంది. రెండోదైతే బెంచ్ వల్ల నష్టమే తప్ప లాభం లేదు. ఆ పని నేర్చుకోవాల్సిన చోటు మంచు మీద ఉంటే, పిల్లాణ్ణి మంచుకు దూరం చేస్తున్నాం కాబట్టి.

నిమిషాల లెక్క

15 నిమిషాల పీరియడ్లు మూడు, మొత్తం 45 నిమిషాల మ్యాచ్ తీసుకుందాం. మూడు ఫార్వర్డ్ లైన్లూ వరసగా దిగితే ఒక్కొక్కరికి 15 నిమిషాలు దక్కుతాయి. 45 సెకన్ల చొప్పున అవి 20 షిఫ్టులు. ఇప్పుడు మూడో పీరియడ్ మొత్తం కోచ్ రెండు లైన్లతోనే లాగించాడనుకోండి. మూడో లైన్ పిల్లలకు 5 నిమిషాలు, అంటే ఆరేడు షిఫ్టులు పోయాయి. మిగతావాళ్లకు తలా రెండున్నర నిమిషాలు కలిశాయి. ఒక మ్యాచ్‌కు ఇది పెద్ద విషయంగా కనిపించదు. 40 మ్యాచ్‌ల సీజన్‌లో సగం మ్యాచ్‌ల్లో ఇలా జరిగితే, ఒకే జట్టులో ఉన్న ఇద్దరు పిల్లల మధ్య తేడా 150 నిమిషాలు. అంటే పది పూర్తి మ్యాచ్‌ల ఆట ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ. రెండు మూడు సీజన్లు ఇలాగే నడిస్తే, మొదట్లో వాళ్ల మధ్య ఉన్న తేడా ఎంతో, బెంచ్ వల్ల వచ్చిన తేడా ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పవర్ ప్లే లెక్క ఇంకా మోసకారి. ఒక మ్యాచ్‌లో ఆరు పవర్ ప్లేలు వచ్చాయి, ఆరూ పూర్తిగా రెండేసి నిమిషాలు సాగాయి అనుకుందాం. ఆ 12 నిమిషాల్లో ఎప్పుడూ మొదటి రెండు లైన్లనే దించితే, ఆ రెండు లైన్ల పిల్లలకు తలా 6 నిమిషాలు. మిగిలిన 33 నిమిషాలను మూడు లైన్లూ సమానంగా పంచుకుంటే తలా 11. చివరికి కొందరు 17 నిమిషాలు, కొందరు 11 నిమిషాలు ఆడినట్టు. ఆ కోచ్‌ను అడిగితే "నేనెవర్నీ బెంచ్ చేయలేదు, లైన్లు తిప్పుతూనే ఉన్నాను" అంటాడు. అబద్ధమేమీ చెప్పడం లేదు కూడా. లెక్క రాసుకోకపోవడమే ఇక్కడి లోపం. 12 ఏళ్లలోపు జట్లలో పవర్ ప్లేకు ప్రత్యేక యూనిట్ పెట్టకుండా, వంతు ఎవరిదైతే వాళ్లనే పంపితే ఈ సమస్య పుట్టదు.

మ్యాచ్ సమయం పోతే ప్రాక్టీస్‌లో పూడ్చుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. కొంతవరకు నిజమే. మ్యాచ్‌లో ఒక ఆటగాడి కర్రకు పక్ తగిలి ఉండే సమయం చాలా తక్కువ. స్టేషన్లుగా విడగొట్టి నడిపే ఒక మంచి గంట ప్రాక్టీస్‌లో అంతకు ఎన్నో రెట్లు పక్ దొరుకుతుంది. అందుకే 2009లో అమెరికా హాకీ సంస్థ యూఎస్‌ఏ హాకీ తెచ్చిన అమెరికన్ డెవలప్‌మెంట్ మోడల్ మ్యాచ్‌లకన్నా ప్రాక్టీస్‌కే పెద్దపీట వేసింది. స్కేటింగ్, పాస్, షాట్ అక్కడే వస్తాయి. అయితే ఎదుటివాడు మీదికి దూసుకొస్తుంటే అర సెకనులో ఏం చేయాలో తేల్చుకోవడం, 2-1తో ముందున్నప్పుడు చివరి నిమిషంలో బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడల) దగ్గర పక్‌ను ఎలా బయటికి తోయాలో తెలియడం ప్రాక్టీస్‌లో పూర్తిగా రాదు. మూడో లైన్ పిల్లలకు దూరమవుతున్నది సరిగ్గా ఆ నిమిషాలే. పదకొండో ఏట నుంచి ఉత్కంఠ ఉన్న ప్రతి చివరి పీరియడ్‌నూ బెంచ్ మీంచి చూసిన పిల్లాణ్ణి పదిహేనో ఏట "ఒత్తిడి తట్టుకోలేడు" అని పక్కన పెడతారు. తట్టుకోవడం నేర్చుకునే వేళకు వాడికి ఎవరూ చోటివ్వలేదు.

ఎక్కువ ఆడినవాళ్లు బాగుపడతారా అంటే అదీ పూర్తిగా నిజం కాదు. మూడు లైన్లు తిరిగినప్పుడు 45 సెకన్ల ఆటకు 90 సెకన్ల విశ్రాంతి. రెండు లైన్లకు కుదిస్తే 45కి 45. మూడో పీరియడ్ సగానికి వచ్చేసరికి ఆ పిల్లలు కాళ్లు ఈడుస్తూ, వెనక్కి పరుగెత్తాల్సిన చోట ఊరికే జారిపోతూ, పక్ తమ దగ్గరికి వస్తే ఆడదామన్నట్టు ఉంటారు. అలసట మీద పడిన ఈ అలవాటు మామూలు వేళల్లోనూ అంటుకుంటుంది. జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్లాడు మెల్లగా బద్ధకస్తుడిలా తయారవుతుంటే, ముందు చూడాల్సింది వాడి షిఫ్టులు ఎన్ని సెకన్లు సాగుతున్నాయన్నది.

తప్పు చేయగానే కూర్చోబెడితే

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఇదే, కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం. పదకొండేళ్ల ఫార్వర్డ్ పక్ తీసుకుని ప్రత్యర్థి బ్లూ లైన్ (వాళ్ల జోన్ మొదలయ్యే గీత) దగ్గరికి వచ్చింది. ఎదురుగా డిఫెండర్. పక్‌ను కుడి నుంచి ఎడమకు లాగి దాటేద్దామని చూసింది. పక్ పోయింది. ఎదుటివాళ్లు ఎదురుదాడికి వెళ్లారు, గోల్ పడింది. ఆ అమ్మాయి తర్వాతి రెండు షిఫ్టులూ బెంచ్ మీదే. కోచ్ ఏమీ అనలేదు, చెప్పాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

కోచ్ చెప్పదలుచుకున్నది: "బ్లూ లైన్ దగ్గర, తోడుగా వచ్చేవాళ్లు లేనప్పుడు, డిఫెండర్ నీకు మరీ దగ్గరగా ఉన్నప్పుడు ఆ ప్రయత్నం వద్దు." ఆ అమ్మాయికి అర్థమైంది: "ప్రయత్నిస్తే కూర్చోవాలి." ఈ రెండిటికీ మధ్య ఉన్న దూరాన్ని బెంచ్ పూడ్చలేదు, మాట మాత్రమే పూడుస్తుంది. తర్వాతి మ్యాచ్ నుంచి ఆ అమ్మాయి ఏ ఒత్తిడీ లేకపోయినా పక్‌ను ఎదుటివాళ్ల జోన్ లోపలికి విసిరేస్తుంది. తప్పులు తగ్గుతాయి, కోచ్ సంతోషిస్తాడు, చూసేవాళ్లకు పిల్ల కుదురుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ వయసులో ఆమె నేర్చుకోవాల్సిన ముఖ్యమైన విద్య అక్కడితో ఆగిపోయింది. ముందరి కాళ్లకు బంధం వేయడమంటే ఇదే.

ఈ భయం పట్టుకున్న పిల్లల్ని గుర్తుపట్టడం కష్టం కాదు. పక్ పోగానే వాళ్ల చూపు పక్ వెంట వెళ్లదు, బెంచ్ వైపు తిరుగుతుంది. అర సెకను పోతుంది, ఆ అర సెకనులోనే ఎదుటివాడు దాటిపోతాడు. పాస్ అందుకునే చోటుకు రాకుండా, మనిషి వెనక నక్కి ఆడుతుంటారు. బోర్డుల దగ్గర పక్ కోసం పెనుగులాటలో రెండో మనిషిగా చేరడానికే ఇష్టపడతారు. షిఫ్ట్ పూర్తికాకుండానే గేటు దగ్గరికి వచ్చేస్తారు. ఒక జట్టులో ముగ్గురు నలుగురు పిల్లలు ఇలా ఆడుతుంటే లోపం పిల్లల్లో వెతకనక్కర్లేదు.

శరీరం సంగతి కూడా ఉంది. రింక్ చల్లటి చోటు. చెమట పట్టిన ఒంటితో పది పన్నెండు నిమిషాలు కదలకుండా కూర్చుంటే కండరాలు బిగుసుకుంటాయి. ఆ తర్వాత ఒక్కసారిగా దించితే మొదటి నాలుగైదు అడుగులు బరువుగా పడతాయి, గజ్జల దగ్గర కండరం పట్టేసే అవకాశమూ ఎక్కువే. వాడు ఆ షిఫ్టులో నెమ్మదిగా కనిపిస్తాడు. "చూశారా, అందుకే కూర్చోబెట్టాను" అనడానికి కోచ్‌కు ఒక ఆధారం దొరుకుతుంది. దించక తప్పని పరిస్థితిలో ఎక్కువసేపు కూర్చున్న పిల్లాణ్ణి ముందు నిలబెట్టి, మోకాళ్లు పైకెత్తుతూ, తొడలు కదిలిస్తూ ఒక నిమిషం ఒళ్లు వేడెక్కించాకే పంపాలి.

మాటకున్న బలం ఎంతో చెప్పే ఒక పాత అధ్యయనం ఉంది. బార్నెట్, స్మోల్, స్మిత్ అనే అమెరికా పరిశోధకులు 1992లో ప్రచురించారు. అది పిల్లల బేస్‌బాల్ మీద చేసింది, హాకీ మీద కాదు. అయినా విషయం ఒకటే. తప్పు చేసిన పిల్లాడికి ధైర్యం చెప్పి, ఎలా చేయాలో వివరించడంలో కొందరు కోచ్‌లకు శిక్షణ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మరుసటి ఏడాది శిక్షణ పొందిన కోచ్‌ల జట్ల నుంచి ఆట మానేసినవాళ్లు 5 శాతం. మిగతా జట్ల నుంచి 26 శాతం. గెలుపోటముల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మానేసిన పిల్లాడి ఎదుగుదల గురించి ఇక మాట్లాడేదేముంది?

డిసెంబరులో పుట్టిన పిల్లలు

బెంచింగ్ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి పుట్టిన నెల. అమెరికా, కెనడాల్లో హాకీ వయసు విభాగాలు పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటాయి, జనవరి 1 సరిహద్దు. జనవరి 3న పుట్టిన పిల్లాడూ, అదే ఏడు డిసెంబరు 28న పుట్టిన పిల్లాడూ ఒకే జట్టులో ఆడతారు. ఎనిమిదేళ్ల వయసులో ఏడాది తేడా అంటే ఎత్తులో, బలంలో, చెప్పింది అందుకోవడంలో స్పష్టంగా కనిపించే తేడా. కెనడా మేజర్ జూనియర్ (ప్రొఫెషనల్ ఆటకు ముందు మెట్టు), ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు అసాధారణంగా ఎక్కువగా ఉన్నారని రోజర్ బార్న్స్‌లీ బృందం 1985లోనే చూపించింది.

ఇది విత్తనంలోని తేడా కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. రాబర్ట్ డీనర్ బృందం 2013లో ఉత్తర అమెరికా ప్రధాన ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌ను (క్లబ్బులు యువ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే పద్ధతిని) పరిశీలించింది. ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లను క్లబ్బులు వాళ్ల అసలు సత్తా కన్నా తక్కువ స్థానాల్లో ఎంచుకున్నాయని తేలింది. చిన్నప్పటి నుంచీ తక్కువ అంచనా వేసిన చూపు డ్రాఫ్ట్ దాకా వదల్లేదన్నమాట.

ఇప్పుడు దీన్ని బెంచ్‌తో కలిపి చూడండి. తొమ్మిదేళ్ల వయసులో "ఎవరు బాగా ఆడుతున్నారు" అని చూసి మంచు సమయం పంచితే, తెలియకుండానే పుట్టిన నెలను బట్టి పంచుతున్నట్టు. చిన్నవాడికి తక్కువ షిఫ్టులు వస్తాయి, నేర్చుకోవడం తగ్గుతుంది, తర్వాతి ట్రైఔట్‌లో (జట్టు ఎంపికలో) కింది జట్టుకు పోతాడు. అక్కడ కోచింగ్ పలచన, మంచు సమయం పలచన. ప్రకృతి పెట్టిన ఏడాది తేడా పదహారేళ్లు వచ్చేసరికి దానంతట అదే సర్దుకునేది. దాన్ని బెంచ్ శాశ్వతం చేస్తుంది. నిష్పక్షపాతంగా ఉండాలని మనస్ఫూర్తిగా అనుకునే కోచ్ కూడా ఈ పొరపాటు చేయగలడు. అందుకే పిల్లల పుట్టిన నెలలు లైన్ల జాబితా పక్కనే రాసి పెట్టుకోవడం మంచిది. మూడో లైన్‌లో ఉన్నవాళ్లంతా సెప్టెంబరు తర్వాత పుట్టినవాళ్లే అని కనబడితే ఆ కాగితమే చాలా చెబుతుంది.

13, 14 ఏళ్లప్పుడు ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. అబ్బాయిలు ఒక్కసారిగా పొడవు పెరిగే వయసు అది. ఆరు నెలల్లో కాళ్లు సాగిన పిల్లాడికి తన స్కేటింగే తనకు కొత్తగా ఉంటుంది. మలుపుల్లో తూలుతాడు, నిన్నటిదాకా వచ్చిన ఆట ఇవాళ రానట్టు ఉంటుంది. ఇంకా ఎదగనివాడు తనకన్నా తల ఎత్తు ఉన్నవాళ్ల మధ్య ఆడుతుంటాడు. బాడీ చెకింగ్ (ప్రత్యర్థిని ఒంటితో ఢీకొట్టి పక్ నుంచి తప్పించడం) మొదలయ్యేది కూడా సరిగ్గా అప్పుడే. యూఎస్‌ఏ హాకీ 2011లో దాన్ని 12 ఏళ్లలోపు విభాగం నుంచి తీసేసి 14 ఏళ్లలోపు విభాగానికి జరిపింది. హాకీ కెనడా 2013లో అదే దారి పట్టింది. దెబ్బ తగులుతుందని బోర్డుల దగ్గరికి వెళ్లడానికి జంకే పదమూడేళ్ల పిల్లాడికి కావలసింది ఒంటిని ఏ కోణంలో తిప్పాలో, భుజాన్ని బోర్డుకు ఎలా ఆనించాలో నేర్పడం. పిరికివాడని కూర్చోబెడితే భయం పోదు, భయానికి అవమానం తోడవుతుంది.

బెంచ్ పనికొచ్చే చోటు

వెనక నుంచి ప్రత్యర్థిని బోర్డుల్లోకి తోయడం, కోపంతో కర్ర విసరడం, రిఫరీని తిట్టడం, సొంత జట్టువాణ్ణి అవమానించడం. వీటిలో చేతకానితనం ఏమీ లేదు. పదేళ్ల పిల్లాడికైనా ఇవి చేయకూడదని తెలుసు, చేయకుండా ఉండగలడు. ఇక్కడ మంచు మీది సమయం విలువైనది కాబట్టే దాన్ని కాసేపు ఆపడం గట్టి సంకేతం అవుతుంది. అయితే ఆ సంకేతం పనిచేయాలంటే నాలుగు షరతులు కావాలి. నియమం సీజన్ మొదట్లోనే పిల్లలకూ తల్లిదండ్రులకూ చెప్పి ఉండాలి. తప్పు జరిగిన వెంటనే అమలు కావాలి, వచ్చే వారం మ్యాచ్‌లో కాదు. ఎంతసేపో పిల్లాడికి తెలియాలి: "రెండు షిఫ్టులు కూర్చో, తర్వాత నీ లైన్‌తో దిగు." నాలుగోది అన్నిటికన్నా కష్టమైనది. జట్టులో ఎక్కువ గోల్స్ కొట్టే పిల్లాడికి కూడా అదే నియమం, అదే రెండు షిఫ్టులు, స్కోరు 3-3 ఉన్నా సరే. ఆ ఒక్కడికి మినహాయింపు ఇచ్చిన రోజు నుంచి మిగతా పద్నాలుగు మందికీ అది నియమంగా ఉండదు.

కూర్చున్న పిల్లాడి పక్కన అసిస్టెంట్ కోచ్ ఒంగి, ఇరవై సెకన్లలో చెప్పాల్సింది చెప్పాలి. ఏం జరిగింది, ఎందుకు కుదరదు, ఇప్పుడేం చేయాలి. మౌనంగా కూర్చోబెట్టిన పిల్లాడు సగంసార్లు తానెందుకు కూర్చున్నాడో తప్పుగా ఊహించుకుంటాడు.

ఒళ్లు వంచకపోవడం, అంటే కష్టపడకపోవడం సంగతి ఇంత తేలిక కాదు. వెనక్కి పరుగెత్తని పిల్లాణ్ణి చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, వాడు కావాలనే చేయడం లేదనిపిస్తుంది. కూర్చోబెట్టే ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి. షిఫ్ట్ ఎంతసేపైంది? 80, 90 సెకన్లు మంచు మీద ఉన్న పిల్లాడు పరుగెత్తడు, పరుగెత్తలేడు. ఎక్కడికి పరుగెత్తాలో వాడికి తెలుసా? కోచ్ బోర్డు మీద గీసి చూపించమంటే చూపించగలడా? స్కేట్ల పదును ఎలా ఉంది? ఒక బ్లేడు అంచు మొద్దుబారితే పిల్లాడు ఒక వైపు తిరగడానికి వెనకాడతాడు, అది బద్ధకంలా కనిపిస్తుంది. ఒంట్లో బాగుందా? ఇవన్నీ సరిగా ఉండి, ప్రాక్టీస్‌లో అడిగినప్పుడల్లా ఆ పని చేసి చూపించే పిల్లాడు మ్యాచ్‌లో మాత్రం చేయడం లేదంటే, అప్పుడు ఒక షిఫ్ట్ తప్పించి మాట్లాడటం సబబే.

బెంచ్ మీంచి చూస్తూ నేర్చుకోవచ్చన్న మాట కూడా ఒక మేరకు నిజం. పని అప్పగిస్తేనే. "వాళ్ల ఎడమవైపు డిఫెండర్‌ను చూడు, మనవాళ్లు దగ్గరికి వచ్చేసరికి వెనక్కి జరుగుతున్నాడా, నిలబడుతున్నాడా, వచ్చి నాకు చెప్పు" అంటే పిల్లాడి కళ్లు పనిచేస్తాయి. ఒకటి రెండు షిఫ్టులకు అది చాలు. ఒక పీరియడ్ మొత్తం చూస్తూ కూర్చున్న పిల్లాడు ఆటను చూడడు, గడియారాన్ని చూస్తాడు.

తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. వెంటనే ఆట నుంచి బయటికి రప్పించాలి, వైద్యుల రాతపూర్వక అనుమతి లేకుండా మళ్లీ దించకూడదు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. బెంచ్‌ను శిక్షగా వాడే జట్టులో పిల్లలు కళ్లు తిరుగుతున్నా, తల దిమ్ముగా ఉన్నా చెప్పరు. చెబితే కూర్చోబెడతారని, కూర్చుంటే చోటు పోతుందని వాళ్లకు తెలుసు. మిగతా వాదనలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్క కారణం చాలు, చిన్న పిల్లల జట్లలో శిక్షగా కూర్చోబెట్టే అలవాటు మానుకోవడానికి.

ఏ వయసుకు ఏది

8 ఏళ్లలోపు పిల్లలకు బెంచింగ్ అన్న ప్రశ్నే రాకూడదు. రింక్‌ను అడ్డంగా విడగొట్టి చిన్న చిన్న ఆటలు ఆడించడంలో ఉన్న మేలు ఇదే. ఒకేసారి ఎక్కువమంది ఆడతారు. గోలీ కూడా వంతులవారీగా మారాలి. 9 నుంచి 12 ఏళ్ల దాకా వరస తప్పకుండా లైన్లు తిప్పడం, చివరి రెండు నిమిషాల్లోనూ వంతు ఎవరిదైతే వాళ్లనే పంపడం సరైన పద్ధతి. ఓడిపోతే ఓడిపోతారు. పన్నెండేళ్లప్పుడు పోయిన మ్యాచ్ స్కోరు పదహారేళ్లప్పుడు ఎవరికీ గుర్తుండదు.

13, 14 ఏళ్ల జట్లలో, పోటీ స్థాయిని బట్టి పవర్ ప్లే యూనిట్లు ఏర్పరచవచ్చు. కానీ అవి రెండుండాలి, నాలుగైదు వారాలకోసారి మార్చాలి, పవర్ ప్లేలో లేనివాళ్లకు పెనాల్టీ కిల్‌లో (మనవాడు పెనాల్టీతో బయటున్నప్పటి ఆటలో) చోటివ్వాలి. 16 దాటాక ఆట తీరు మారుతుంది. పాత్రలను సంపాదించుకోవడం, లైనప్‌లో లేని రోజును తట్టుకోవడం కూడా ఆ స్థాయి హాకీలో భాగమే. దాన్ని కాదనడం పిల్లల్ని మభ్యపెట్టడమే అవుతుంది. అప్పుడైనా పిల్లాడికి అందాల్సింది సమాచారం: ఏ రెండు విషయాల్లో మెరుగైతే ఏ పాత్ర దొరుకుతుంది, మళ్లీ ఎప్పుడు చూస్తారు. "ఇంకా కష్టపడు" అన్నది సమాచారం కాదు.

ప్రొఫెషనల్ క్లబ్బులు సైతం బెంచ్‌ను ఎదుగుదలకు దారిగా నమ్మవు. ఎన్‌హెచ్‌ఎల్‌లో నాలుగో లైన్‌లో కొద్ది నిమిషాలే దొరికే యువ ఆటగాణ్ణి కింది లీగ్ అయిన ఏహెచ్‌ఎల్‌కు పంపడం మామూలే. అక్కడ మొదటి లైన్‌లో, పవర్ ప్లేలో రోజూ ఆడతాడు కాబట్టి. పై జట్టులో 4 నిమిషాలు దొరికే పదిహేనేళ్ల పిల్లాడికీ ఇదే వర్తిస్తుంది. జట్టు పేరు కోసం అక్కడే అంటిపెట్టుకోవడం కన్నా, కింది జట్టులో 16, 17 నిమిషాలు ఆడటం చాలా సందర్భాల్లో మేలు.

గోలీల సంగతి కాస్త వేరు. మూడు గోల్స్ పడగానే గోలీని మార్చడం చాలామంది కోచ్‌లకు అలవాటు. ఆ మూడింట్లో రెండు డిఫెన్స్ విడిచిపెట్టిన ఎదురుదాడుల వల్ల పడినవే కావచ్చు, మార్పు మాత్రం గోలీ మీద తీర్పులా పడుతుంది. ఇద్దరు గోలీలున్నప్పుడు ఎవరు ఏ మ్యాచ్ ఆడతారో, లేదా ఏ నిమిషంలో మారతారో ముందే ప్రకటిస్తే ఈ బెడద ఉండదు.

లెక్క ఉంచుకునే పద్ధతి

కోచ్‌కు కావలసిన సరంజామా ఒక స్టాప్‌వాచ్, ఒక కాగితం, బెంచ్ వెనక నిలబడే ఒక మనిషి. కాగితం మీద పేర్లు నిలువుగా, పీరియడ్లు అడ్డంగా. ప్రతి షిఫ్ట్‌కూ ఒక గీత. పవర్ ప్లే, పెనాల్టీ కిల్ షిఫ్టులకు వేరే గుర్తు, చివరి మూడు నిమిషాల షిఫ్టులకు ఇంకో గుర్తు. షిఫ్ట్ 45 సెకన్లు దాటితే ఆ మనిషి కేకేయాలి. కొందరికి సమయం తగ్గిపోవడానికి ముందున్న లైన్ బయటికి రాకపోవడమే తరచూ కారణం. నాలుగు మ్యాచ్‌ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే కోచ్ తన గురించి తాను అనుకుంటున్నదానికీ, చేస్తున్నదానికీ తేడా బయటపడుతుంది. ఒక పిల్లాడికి గీతలు ఎక్కువే ఉండి, చివరి మూడు నిమిషాల గుర్తు ఒక్కటీ లేకపోతే అదీ బెంచింగే.

తల్లిదండ్రులు కూడా ఒక్క మ్యాచ్ చూసి నిర్ణయానికి రాకూడదు. నాలుగైదు మ్యాచ్‌లు షిఫ్టులు లెక్కపెట్టుకోవాలి, తమ పిల్లాడివి మాత్రమే కాదు, పక్క లైన్ పిల్లాడివీ. మ్యాచ్ అయిన వెంటనే కోచ్‌ను నిలదీస్తే ఎవరికీ లాభం లేదు. మ్యాచ్ అయ్యాక ఒక రోజు గడిచేదాకా కోచ్‌తో ఆ సంగతి ఎత్తకూడదని చాలా క్లబ్బులు పెట్టుకున్న 24 గంటల నియమం అందుకే. లెక్కల కాగితం కోచ్ మొహాన విసరడానికి కాదు, తమ అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి. తేడా నిజంగానే ఉంటే, అడగాల్సిన ప్రశ్న "మావాణ్ణి ఎందుకు ఆడించడం లేదు?" అని కాక, "మూడో పీరియడ్‌లో వాణ్ణి నమ్మి దించాలంటే మీకు వాడిలో ఏం కనబడాలి?" అని ఉండాలి. పన్నెండు దాటిన పిల్లలైతే ఆ ప్రశ్న వాళ్లే అడగడం మంచిది, పెద్దవాళ్లు పక్కన నిలబడితే చాలు. మంచి కోచ్ దగ్గర నుంచి ఒక స్పష్టమైన జవాబు వస్తుంది: "పక్ మన జోన్‌లో ఉన్నప్పుడు వాడు బ్లూ లైన్ దగ్గరే ఆగిపోతున్నాడు, ఇంకో పది అడుగులు లోపలికి రావాలి." అలాంటి జవాబు దొరికితే మూడు వారాలు ఆ ఒక్కదాని మీదే పనిచేసి, మళ్లీ షిఫ్టులు లెక్కపెట్టండి. మూడు వారాల తర్వాత పిల్లాడు మారి, షిఫ్టులు మారకపోతే, లేదా మొదటిరోజే జవాబు దొరకకపోతే, వచ్చే ట్రైఔట్‌లకు వేరే జట్ల కోచ్‌లు మూడో లైన్‌ను ఎప్పుడెప్పుడు దించుతున్నారో వెళ్లి చూసి రావడం మొదలుపెట్టండి.